నాలుగు కాళ్ళ పరీక్ష

మా ముందుగదిలోకి అడుగుపెట్టగానే పళ్ళు కనిపిస్తాయి. బల్ల మీద పళ్ళు, కిటికీలో పళ్ళు, అలమరలో వరసగా ఆరబెట్టిన ప్లాస్టర్ దవడలు. భయపడకండి. మావారు కట్టుడు పళ్ళు చేస్తారు. డాక్టర్లు నోటి అచ్చు తీసి పంపిస్తే, దాన్నిబట్టి మైనంతో చిగుళ్ళు దిద్ది, పళ్ళు పేర్చి, గులాబీరంగు ప్లాస్టిక్ ముద్ద పోసి, అరగదీసి, మెరుగుపెట్టి సెట్టు తయారుచేస్తారు. ఊళ్ళో సగంమంది పెద్దవాళ్ళ నవ్వు మా ముందుగదిలోంచి వెళ్ళిందే. వీధిలో అందరూ ఆయన్ని పళ్ళ మేస్త్రి అంటారు. ఆ పిలుపు ఆయనకి ఇష్టమే, పైకి మాత్రం మొహం ముడుచుకుంటారు.

మనిషి బహు నెమ్మది. ఒక సెట్టు కాస్త బిగుతుగా ఉందని ఎవరైనా అంటే, మారుమాట్లాడకుండా మళ్ళీ మొదటినుంచి చేసిస్తారు. నోట్లో వేలు పెడితే కొరకడం తెలియని మనిషని మా అమ్మ ఈయన్ని చూసినరోజే సర్టిఫికెట్ ఇచ్చేసింది. నేనూ నమ్మాను. ఆయన చేతికి రిమోట్ వచ్చేదాకా నమ్మాను.

ఆ రిమోట్ ఎవరిదో ముందే చెప్పెయ్యాలి, లేకపోతే కాసేపటికి మీరూ ఆయన పక్షం చేరిపోతారు. అది మా పెద్దదాని ఆరో పుట్టినరోజుకి కొన్న కారుది. ఎర్ర కారు, లావుపాటి చక్రాలు, వెనక చిన్న రెక్క. పిల్ల రిబ్బను విప్పింది, అట్టపెట్టె మూత తీసింది. దాని వంతు అక్కడికి అయిపోయింది. "ఉండమ్మా, ఎలా నడపాలో ముందు నేను చూపిస్తా" అని ఆయన రిమోట్ అందుకున్నారు. పిల్లకి తొమ్మిదేళ్ళొచ్చాయి. ఆయన ఇంకా చూపిస్తూనే ఉన్నారు.

పైగా ఎవరైనా పలకరిస్తే, "ఆదివారం వస్తే నేనూ మా అమ్మాయిలూ కలిసి కార్లు నడుపుతామండీ" అని మురిసిపోతూ చెప్పుకుంటారు. ఆ కలిసి నడపడం ఎలా ఉంటుందో నేను చెబుతాను వినండి. ఈయన నడుపుతారు. పెద్దది బ్యాటరీలు మార్చి, చక్రాల్లో చుట్టుకున్న వెంట్రుకలు, దారాలు పీకుతుంది. ఐదేళ్ళ చిన్నది, కారు తిరగబడినప్పుడల్లా పరిగెత్తుకెళ్ళి నిలబెట్టి వస్తుంది. ఊరికే చేయించుకుంటే బాగుండదని ఇద్దరికీ పదవులు కూడా ఇచ్చారు. పెద్దది చీఫ్ మెకానిక్కు, చిన్నది రెస్క్యూ ఆఫీసరు. చిన్నది కొన్నాళ్ళు ఆ పదవి చూసుకుని తెగ ఉబ్బిపోయింది. తర్వాత ఒకరోజు అన్నం తింటూ, "నాన్నా, నా ఉద్యోగం నువ్వు తీసుకుని నీ ఉద్యోగం నాకియ్యి" అంది. ఆయనకి పొలమారింది. నేను నెత్తిమీద తట్టాను, కాస్త గట్టిగానే తట్టాను.

పెద్దది అలా పీకలమీద కూర్చుని అడిగే రకం కాదు. ఏం చేస్తే ఇస్తావో చెప్పు, అది చేస్తాను అంటుంది. దాని పోరు పడలేక ఆయన ఒక పరీక్ష పెట్టారు. డైనింగ్ టేబుల్ నాలుగు కాళ్ళ చుట్టూ మెలికలు తిప్పుతూ, ఒక్క కాలికీ తగలకుండా కారుని తీసుకొస్తే ఆదివారం పందెంలో రిమోట్ తనదే. ఆయన సెట్లు డాక్టర్లకి ఇచ్చి రావడానికి వెళ్ళినప్పుడల్లా పిల్ల కూర్చుని సాధన చేసింది. చేసి, ఆయన ముందు తిప్పి చూపించింది. ఎక్కడా తగల్లేదు. ఆయన తల గోక్కుని, "బాగుంది. ఇప్పుడు కుర్చీలు పెట్టి తిప్పు" అన్నారు. కుర్చీలు పెట్టి తిప్పింది. "కుర్చీల మధ్య చెల్లి నడుస్తుండగా తిప్పు" అన్నారు. చెల్లి నడుస్తుండగా తిప్పింది. "వెనక్కి" అన్నారు. వెనక్కీ తిప్పింది.

"నాన్న తొండి" అంది చిన్నది.

"తొండి కాదమ్మా, స్టాండర్డ్ పెంచడం."

"తొండే" అంది చిన్నది.

నేనూ అదే అన్నాను. ఆయన ఈ చెవితో విని ఆ చెవితో వదిలేశారు.

ఇప్పుడు ఆ కారుకున్న జబ్బు గురించి చెప్పాలి. అది కొన్న ఏడాదే మేడమెట్ల మీదనుంచి దొర్లి పడింది. ముందు బంపరు ముక్కలైంది, ముందు చక్రాల్ని అటూ ఇటూ తిప్పే బుల్లి మోటారు తీగలు తెగిపోయాయి. ఈయన దాన్ని దవడల మధ్య వెల్లకిలా పడుకోబెట్టి వైద్యం చేశారు. బంపరుకి చిగుళ్ళు పోసే ముద్దే పోశారు. అప్పట్నుంచి ఎర్ర కారుకి గులాబీరంగు చిగురు. మోటారుకి రెండు కొత్త తీగలు అతికారు. చేతికందినవి రెండూ తెల్లవే. ఏది ఎక్కడ పెట్టాలో తెలియక ఒకదాని చోట ఇంకొకటి పెట్టేశారు. దాంతో రిమోట్ మీద ఎడమకి తిప్పితే కారు కుడికి వెళ్ళడం మొదలెట్టింది, కుడికి తిప్పితే ఎడమకి.

ఇంకొకరైతే మూత విప్పి సరిచేసేవాళ్ళు. ఎవరో ముక్కూమొహం తెలియని పెద్దాయన పళ్ళు మళ్ళీ మళ్ళీ చేసిపెట్టే మనిషి, కూతుళ్ళ ముందు తప్పు ఒప్పుకోవాల్సి వచ్చేసరికి బిగుసుకుపోయారు. "ఇదే అసలు పద్ధతి. దీనివల్ల మెదడు చురుగ్గా పనిచేస్తుంది" అన్నారు. అన్నాక మరి తగ్గలేరు కదా. ఆయన అలాగే నడిపారు, పిల్లలూ అలాగే నేర్చుకున్నారు. ఎడమంటే కుడి, కుడంటే ఎడమ. మొదట్లో కష్టంగా ఉంటుంది, తర్వాత చేతులకి అలవాటైపోతుంది. నాకెలా తెలుసని అడక్కండి.

ఆదివారం పందేలు జరిగేది ఫర్నిచర్ షాపు వెనక సిమెంటు ఆవరణలో. ఆరోజు షాపుండదు. పాత స్కూటర్ టైర్లు పరిచి దారి గీస్తారు. ఓ నలుగురైదుగురు పెద్దమనుషులు మోకాళ్ళ ఎత్తుకి కూడా రాని కార్లు పట్టుకుని అక్కడ చేరతారు. వాళ్ళలో డ్రైవింగ్ స్కూల్ మాస్టారని ఒకాయన ఉన్నారు. ఊరందరికీ బండి నడపడం నేర్పిన మనిషి. ఒకసారి సరదాకి మా రిమోట్ తీసుకుని మూడు అడుగులు నడిపి తిన్నగా గోడకి కొట్టారు.

"మేస్త్రిగారూ, మీ స్టీరింగు తిరగబడిందండీ" అన్నారాయన.

"మీకు అలవాటు లేదు" అన్నారు మావారు, మీసం లేకపోయినా మెలేసినంత పని చేసి. ఇంటికొచ్చి, "మన బండిని దొంగలెత్తుకెళ్ళినా నడపలేరు" అని పిల్లలకి చెప్పి నవ్వారు. పెద్దది నవ్వలేదు. ఏదో ఆలోచిస్తూ కారు వంక చూసింది. నేను అప్పుడే పసిగట్టాల్సింది.

ఇన్ని పరీక్షలూ నెగ్గాక ఇంక తప్పించుకునే దారిలేక, "వచ్చే ఆదివారం రిమోట్ నీదే, ఒట్టు" అని ఆయన పెద్దదాని నెత్తిమీద చెయ్యేశారు. పిల్ల బళ్ళో కూడా చెప్పుకుంది. తీరా ఆ వారం మొదట్లో మాస్టారు కొత్త కారు కొన్నారని కబురొచ్చింది. ఈయన మొహంలో రంగులు మారాయి. రాత్రి భోజనాల దగ్గర గొంతు సవరించుకుని, "ఈ ఒక్కవారం నేను నడుపుతానమ్మా. ప్రెస్టీజి. పై వారం నువ్వే" అన్నారు.

"సరే నాన్నా" అంది పెద్దది.

అంతే అంది. ఏడవలేదు, మూతి ముడవలేదు. కంచం తీసి, చెయ్యి కడుక్కుని, పుస్తకాలు ముందేసుకుంది. మర్నాడు బ్యాటరీలు ఛార్జింగు పెట్టలేదు. ఆ మర్నాడు కారు దగ్గరికే వెళ్ళలేదు. మూడేళ్ళుగా రోజూ అడిగే పిల్ల అడగడం మానేసింది. ముందుగదిలోకి వెళ్ళి, "ఏమండీ, అది అడగడం మానేసింది, గమనించారా" అన్నాను.

"పెద్దదవుతోందిగా, అర్థంచేసుకుంది" అన్నారు, మైనపు చిగురు గీరుకుంటూ. ఆయన చేతిలో ఉన్న దవడతోనే ఆయన్ని కరిపించాలన్నంత కోపం వచ్చింది. అప్పటికే పందెం ముందు కారు అలిసిపోకూడదని, ఆదివారం దాకా ఎవరూ ముట్టుకోకుండా అలమరలో పై అరన పెట్టారు. కారుకి రెస్టట.

ఆ మధ్యాహ్నం ఆయన సెట్ల సంచీ పట్టుకుని బయటికెళ్ళారు. పిల్లలకి సెలవు. వంటింట్లో ఉన్న నాకు ముందుగదిలోంచి కాలిన వాసన వచ్చింది. వెళ్ళి చూద్దును కదా, మావారి ఎత్తు స్టూలు మీద పెద్దది, దాని ముందు వెల్లకిలా పడుకున్న కారు, చేతిలో పొగలు కక్కుతున్న సోల్డరింగ్ ఐరన్. చిన్నది కిటికీ దగ్గర వీధి వంక చూస్తూ కాపలా. వీధివైపే చూస్తోంది కాబట్టి నేను వెనకనుంచి వచ్చింది కనిపెట్టలేదు.

"ఏం చేస్తున్నారే?"

చిన్నది ఎగిరిపడింది. పెద్దది మాత్రం తల ఎత్తలేదు. "నాన్న తిరగేసి పెట్టిన తీగలు సరిగ్గా పెడుతున్నానమ్మా."

విషయం నాకు ఒక్క క్షణంలో బోధపడింది. తీగలు సరిగ్గా పెడితే ఎడమకి తిప్పితే ఎడమకే వెళ్తుంది. ఇన్నేళ్ళూ తిరగేసి నడిపిన మావారి చేతులు దాన్ని తిన్నగా నడపలేవు. ఆదివారం, అందరి ముందు.

"నాన్నకి చెప్పకుండా ఇలా చెయ్యొచ్చా?" అన్నాను, తల్లిని కాబట్టి అనాలి గనక.

"నేను కారు పాడుచెయ్యట్లేదుగా. బాగుచేస్తున్నా. నాన్నకి సరైన కారు నడపడం వస్తే నడుపుకోమను" అంది.

అయినా తిట్టకుండా వదల్లేదు లెండి. "వేడి వస్తువుతో ఒక్కదానివే ఆడతావా, చెయ్యి కాలితే? ఇలా తే, తీగ నేను పట్టుకుంటా" అని గట్టిగా కోప్పడి, పట్టకారు అందుకున్నాను. రెండు తీగలూ తారుమారు చేసి అతికాం. మూత బిగించి, మావారు పెట్టినట్టే స్క్రూల మీద మైనం చుక్క పెట్టింది పిల్ల. ఆ పూటనుంచి శనివారం దాకా ఆయన బయటికెళ్ళడం, కారు కిందికి దిగడం, పెద్దది కొత్త పద్ధతిలో టేబుల్ కాళ్ళ చుట్టూ తిప్పడం. మొదట్లో అదీ తడబడింది. తొమ్మిదేళ్ళ చేతులు కదా, తొందరగా సర్దుకున్నాయి. చిన్నది కిటికీ దగ్గర, నేను గుమ్మం దగ్గర. ఆయన వచ్చేసరికి ముగ్గురం ఏమీ ఎరగనట్టు బుద్ధిగా కూర్చునేవాళ్ళం. "ఇల్లు ఎంత ప్రశాంతంగా ఉందో" అన్నారొకసారి పాపం.

ఆదివారం ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని మరీ బయల్దేరారు. మాస్టారి కొత్త కారు నీలంగా నిగనిగలాడుతోంది. నేను గొడుగు వేసుకుని ఒక చెక్కపెట్టె మీద కూర్చున్నాను. పెద్దది చేతులు వెనక్కి కట్టుకుని వాళ్ళ నాన్న పక్కన నిలబడింది.

ఈల వేశారు. కార్లు దూకాయి. తిన్నగా ఉన్న దారి కాబట్టి మాది అందరికంటే ముందుంది. మావారి ఛాతీ రెండంగుళాలు పెరిగింది. మొదటి మలుపు వచ్చింది. ఆయన చెయ్యి అలవాటు ప్రకారం ఇటు తిప్పింది, కారు ఇటే వచ్చి టైర్లలోకి దూరి వెల్లకిలా పడింది. చిన్నది పరిగెత్తి నిలబెట్టింది. మళ్ళీ నడిపారు. ఈసారి గోడ. మళ్ళీ నడిపారు. ఈసారి కారు మాస్టారి కాళ్ళ మీదికి వచ్చింది, ఆయన గెంతారు.

"మేస్త్రిగారూ, మీ బండికి పంటినొప్పా?" అన్నారు మాస్టారు.

మావారు రిమోట్ దులిపారు. బ్యాటరీలు తీసి పెట్టారు. ఎండ ఎక్కువగా ఉందన్నారు. సిమెంటు బాగాలేదన్నారు. నేను గొడుగు మొహానికి అడ్డం పెట్టుకుని పెదవి కొరుక్కున్నాను. అప్పటికే మిగతా కార్లు మొత్తం పది చుట్లలో ఒకటి తిరిగి వచ్చేశాయి.

అప్పుడు పెద్దది మెల్లిగా అంది. "నాన్నా, ఎడమకి తిప్పితే ఎడమకే వెళ్తోంది."

"అదేగా పాడైంది!" అన్నారాయన.

ఆవరణంతా గొల్లుమంది. మాస్టారు నవ్విన నవ్వుకి పై పళ్ళసెట్టు కిందికి జారింది. అది వేరెవరో చేసింది లెండి, మావారు చేసిందైతే జారదు. ఆ నవ్వుల మధ్య మావారికి తను ఏమన్నారో తనకే వినిపించింది. తల తిప్పి పెద్దదాని వంక చూశారు. అది ఆయన కళ్ళలోకి చూసింది, తప్పించుకోలేదు. అందరి ముందు కసురుకుంటారేమో, పిల్ల మనసు విరిగిపోతుందేమో అని నిజంగా భయపడ్డాను.

ఆయన రిమోట్ వంక ఒకసారి చూసుకున్నారు. తర్వాత దాన్ని చొక్కా అంచుతో తుడిచి, "పట్టుకో" అన్నారు.

పెద్దది అరచేతులు గౌనుకి రుద్దుకుని అందుకుంది. నడిపింది చూడండి, ఆ మొదటి మలుపులో టైరుకి వేలెడు దూరంలో తిప్పి, గోడపక్క సందులోంచి లాగింది. మావారి నోరు తెరిచినది తెరిచినట్టే ఉండిపోయింది. ఒకదాన్ని దాటింది, ఇంకోదాన్ని దాటింది. మాస్టారి నీలం కారు వెనకే చేరి, పక్కనుంచి దూరబోయిన మా కారు టైరుకి తగిలి వెల్లకిలా పడింది.

అందరం చిన్నదాని వంక చూశాం. చిన్నది నా చెక్కపెట్టె మీద నా పక్కన కాళ్ళూపుకుంటూ కూర్చుంది. "నా ఉద్యోగం నాన్నకిచ్చేశా" అంది.

మావారు పరిగెత్తారు. ఇస్త్రీ చొక్కాతో, చెప్పులు టపటపలాడించుకుంటూ, టైర్ల మీంచి దూకి, మోకాలు సిమెంటుకి రాసుకుపోయేలా కూలబడి కారుని నిలబెట్టారు. "పోనీ అమ్మా, పోనీ" అని అరిచారు. రెండో స్థానం వచ్చింది మాకు. మాస్టారిని పట్టుకుని ఈయన ఒకటే చెప్పడం, "చూశారా, మా అమ్మాయి ఎడమకి తిప్పితే ఎడమకే వెళ్తోంది" అని.

ఇంటికొచ్చాక ముందుగదిలో కారుని బోర్లించి మూత విప్పారు. ముగ్గురం గుమ్మంలో నిలబడ్డాం. అతుకు దగ్గర భూతద్దం పెట్టి చాలాసేపు చూశారు.

"నేను కిటికీ దగ్గర నిలబడ్డానంతే" అంది చిన్నది, ఎవరూ అడక్కుండానే.

"తీగ పట్టుకున్నదెవరు? ఒక్క మనిషి చేసే పని కాదిది" అన్నారు.

"స్టవ్వు మీద పాలున్నాయి" అని నేను వెనక్కి తిరిగాను. స్టవ్వు మీద ఏమీ లేదు.

"సోల్డరు కాస్త ఎక్కువ పోశావు. కందిగింజంత చాలు, ఇంకోసారి చూపిస్తా" అన్నారు పెద్దదానితో. చూపిస్తా అన్నమాట నోట్లోంచి వచ్చాక ఆగారు. "కాదులే, నువ్వే చెయ్యి, నేను పక్కనుంటా." స్క్రూలు ఏరుకుంటూ, "అడిగితే ఇచ్చేవాణ్ణి కదమ్మా" అన్నారు, చిన్నబోయిన గొంతుతో.

"అడిగా నాన్నా" అంది అది.

ఆయన మూత పెట్టి స్క్రూలు ఒక్కొక్కటే బిగించారు, పిల్లని దగ్గరికి లాక్కుని దాని జుట్టులో మొహం పెట్టుకున్నారు. నాకు కళ్ళు చెమర్చాయి. ఉన్నమాట చెబుతున్నాను, ఆ క్షణంలో ఆ మనిషి మీద ఉన్న కోపమంతా ఎటుపోయిందో తెలియదు.

అయితే కథ అలా ముద్దుముద్దుగా ముగిసిపోయిందనుకోకండి. రెండ్రోజులు ఓపిక పట్టి, మూడోనాడు మావారు పెద్దది చదువుకుంటున్న చోటికి నెమ్మదిగా చేరారు. "ఈ ఆదివారం ఒక్క రౌండు నేను నడపనా?"

అది పుస్తకంలోంచి తల ఎత్తకుండానే, "డైనింగ్ టేబుల్ నాలుగు కాళ్ళ చుట్టూ. ఒక్కదానికీ తగలకూడదు" అంది.

వారమంతా మా ఇంట్లో ఠక్కుఠక్కుమని ఒకటే చప్పుడు. ఎడమకి తిప్పితే ఎడమకే వెళ్తుందని పైకి చదువుకుంటూ, టేబుల్ పక్కన నేలమీద కూర్చుని, పళ్ళ పని ముగించుకున్న పళ్ళ మేస్త్రి కారు నడుపుతూనే ఉన్నారు. టేబుల్ కాళ్ళన్నిటికీ గులాబీరంగు మరకలు పడ్డాయి. శనివారం సాయంత్రానికి ఎలాగైతేనేం, ఒక చుట్టు మొత్తం ఎక్కడా తగలకుండా తిప్పారు. పిల్లాడిలా లేచి నిలబడి, "అయింది. చూశావా? చూశావా లేదా?" అన్నారు.

"చూశా నాన్నా, బాగుంది" అంది పెద్దది. లెక్కల పుస్తకంలో పేజీ తిప్పింది. "ఇప్పుడు కుర్చీలు పెట్టి."

చిన్నది అప్పటికే ఒక కుర్చీ ఈడ్చుకొస్తోంది. ఆయన నా వంక చూశారు, దిక్కులేనివాడిలా. నేను వంటింట్లోకి వెళ్ళి స్టూలు కూడా తెచ్చి పెట్టాను.